పెడల్ కింద చెక్కముక్క

ష్వైన్‌ఫర్ట్,
ఫిబ్రవరి 2021

ఒరేయ్ సందీపూ,

ఈ కాలంలో ఉత్తరమేంటక్కా, ఫోన్ పాడైపోయిందా అని నవ్వుకుంటావు. నవ్వుకో. రెండు గదుల ఇల్లు, లాక్‌డౌన్, మీ బావ రోజంతా సోఫాలోనే. నేను వంటింట్లో గుసగుసగా మాట్లాడినా హాల్లోంచి "ఎవరూ?" అంటాడు. కరోనాతో ఆసుపత్రిలో అన్ని వారాలు మత్తులో ఉండి వచ్చిన మనిషికి చెవులు మాత్రం మహా పదునెక్కాయి. అందుకే ఇది నా ఉద్యోగం దగ్గర, కీటాలో పసిపిల్లలు నిద్రపోతున్నప్పుడు రాస్తున్నా. జవాబు కూడా ఇంటికి కాదు, కీటాకే రాయి.

నీతో ఫోన్లో "ఫస్ట్‌క్లాస్‌గా ఉన్నాన్రా బావమరిదీ" అంటున్నాడు కదా, అంతా అబద్ధం. రేహా ఆసుపత్రిలో నడక నేర్పించి పంపారు, నిజమే, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కానీ మోకాళ్ల కింద నుంచి కాళ్లు తనవి కావు. అరికాళ్లకి స్పర్శ లేదు. పోయినవారం హీటర్ మీద పాదాలు ఆనించుకుని టీవీ చూస్తున్నాడు. నేను వెళ్లి చూసేసరికి తోలు ఊడిపోయి ఉంది. "అయ్యో, ఎప్పుడైందే ఇది?" అని నన్నే అడిగాడు. బాత్రూంలోకెళ్లి ఏడ్చి వచ్చి మందు రాశాను.

నరాలు మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టర్. కారు మాత్రం ముట్టుకోవద్దని నా ముందే చెప్పాడు. ఈయన బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి కూర్చోగానే నీకు ఫోన్ చేసి ఇంజను ఎప్పుడు పంపుతావని అడిగాడు. నేను విన్నాను.

ఆ పందెం కారు ఒళ్లు ఇక్కడ, పోయిన గుంటర్ గారి షెడ్డులో ఉంది. ఇంజను బాగుచేతకని నీ దగ్గరుంది. దేవుడే అలా విడదీసి పెట్టాడనుకుంటున్నా. ఏదో ఒక సాకు చెప్పు, ఆ ఇంజను పంపకు. నాకు మొగుడు ఒక్కసారి తిరిగొచ్చాడు, రెండోసారి రాడు.

మీ అక్క
రత్న


హైడెల్‌బర్గ్,
మార్చి 2021

అక్కా,

కవరు మీద ఏనుగు బొమ్మ, పక్కన పిల్లల వేలిముద్రలు. మా ఇన్‌స్టిట్యూట్‌లో పోస్టు పంచే ఆవిడ నాకేదో సంతానం కలిగిందనుకుని అభినందించింది. పెళ్లే కాలేదమ్మా అని చెప్పుకోవాల్సొచ్చింది.

నవ్వించడానికి రాశాను, నాకైతే నవ్వు రావట్లేదు. బావ కాళ్ల సంగతి తెలీదు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

అయినా ఒక మాట చెప్తాను, తిట్టుకో. నువ్వు దాన్ని ముసలి ఇనుము అంటావు. ముప్పై ఒకటి నాటి ఫోర్డ్, పైకప్పు లేదు, మడ్‌గార్డులు లేవు, నిజమే. కానీ విజయవాడ ఆటోనగర్‌లో లారీల మధ్య పెరిగినవాడు ఈ దేశం వచ్చి ఫ్యాక్టరీలో కంప్యూటర్ ముందు బేరింగుల లెక్కలు చూసుకుంటూ ఎన్నేళ్లు ఉండగలడు? గుంటర్ షెడ్డు తలుపు తీసిన రోజు బావ మొహం నేను చూశాను. చేతికి గ్రీజు అంటుకుంటే చిన్నపిల్లాడైపోయాడు. ఏడాదికి ఒక్కరోజు, విమానాలు దిగని ఆ పాత రన్‌వే మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. జెండా పట్టుకున్న అమ్మాయి ఎగిరి గంతేస్తుంది, అంతే, చివరిదాకా ఎవరు ముందెళ్తే వాళ్లే. లైట్లు లేవు, కంప్యూటర్ లేదు, అన్నీ తాతల కాలం సామానే ఉండాలి. అక్కడ బావ ఇండియావాడూ కాదు, ఆఫీసువాడూ కాదు.

డిసెంబర్‌లో కారు ఒళ్లు పైకెత్తి ఇంజను బయటికి తీసినరోజే బావకీ గుంటర్‌కీ జబ్బు అంటుకుంది. ఒకడు పోయాడు, ఒకడు మిగిలాడు. సెప్టెంబర్‌లో పందెం జరిగితే ముసలాయన పేరు మీద ఆ కారు తోలాలని బావ పంతం. నేను ఇంజను దాచేస్తే ఆయన దేనికోసం నడక నేర్చుకుంటాడు? ఆలోచించు.

పిస్టన్లు రాలేదని చెప్పి కొన్నాళ్లు నెట్టుకొస్తాలే. శాశ్వతంగా అయితే నావల్ల కాదు.

సందీప్


ష్వైన్‌ఫర్ట్,
ఏప్రిల్ 2021

సందీపూ,

బాగా రాశావు. ఆటోనగరూ, గ్రీజూ, చిన్నపిల్లాడూ. చదివి కళ్లనీళ్లు పెట్టుకోవాలా నేను? ఆ రన్‌వే చివర ఏముందో రాయలేదేం? మట్టికట్ట ఉంది. దాని అవతల మురుగుకాలవ ఉంది. నేనూ మూడుసార్లు వచ్చాను కదరా, శాండ్‌విచ్‌లు కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని.

ఇక్కడ ఏం జరుగుతోందో విను. ఇంటి కింద కెల్లర్‌లోకి మెట్లు దిగడం నేర్చుకున్నాడు. కూర్చుని కూర్చుని దిగుతాడు. అక్కడ పాత కుర్చీ ముందు ఒక పలకకి మూడు పెడళ్లు బిగించుకున్నాడు. తొక్కడం, వదలడం, తొక్కడం. కిందకి చూస్తూనే తొక్కుతాడు, ఎందుకంటే చూడకపోతే కాలు ఎక్కడుందో తెలీదు. పందెంలో కిందకి చూస్తావా అని అడిగాను. "సౌండుతో తెలుసుకుంటా" అన్నాడు. కాలితో తెలియంది చెవితో తెలుస్తుందట.

ఈషా ఒక ఆట కనిపెట్టింది. నాన్న కళ్లు మూసుకోవాలి, ఇది వేలు గిల్లి "ష్ప్యూర్స్ట్ డు దాస్, పాపా?" అని అడుగుతుంది, తెలుస్తోందా నాన్నా అని. ఆయన "యా, యా, అబ్బా, నొప్పి!" అంటాడు. నిన్న అది అసలు గిల్లనే లేదు. ఊరికే అడిగింది. ఆయన "అబ్బా" అన్నాడు. అది నా వైపు చూసి, వెళ్లి బొమ్మలు సర్దుకుంది. ఎనిమిదేళ్ల పిల్లకి అర్థమైంది, ఇంజనీరు మామకి అర్థం కావట్లేదు.

పిస్టన్లు క్రిస్మస్ దాకా రాకూడదు.

రత్న


హైడెల్‌బర్గ్,
మే 2021

అక్కా,

తిట్లన్నీ అందాయి. ఈషా సంగతి చదివాక రెండు రోజులు ఇంజను వైపు వెళ్లలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పిస్టన్లు కస్టమ్స్‌లో ఇరుక్కున్నాయన్నాను. బావ మొదట నమ్మాడు. మొన్న ఫోన్ చేసి పిస్టన్ల ఊసెత్తకుండా ముందు నా ఉద్యోగం గురించి అడిగాడు. తర్వాత, "రత్న ఆపమందా?" అన్నాడు. ఛ, లేదు బావా అన్నాను. "సరేలే, ఇంక అడగను" అని పెట్టేశాడు. అప్పటి నుంచి చెయ్యలేదు. నేను చేస్తే నువ్వు ఎత్తి నిద్రపోతున్నాడంటున్నావు. నిజంగానే నిద్రపోతున్నాడా?

సందీప్


ష్వైన్‌ఫర్ట్,
జూన్ 2021

సందీపూ,

లేదు. నిద్రపోవట్లేదు.

కెల్లర్‌కి దిగడం మానేశాడు. గడ్డం గీసుకోవట్లేదు. ఫిజియో దగ్గరికి వెళ్లాల్సిన టెర్మిన్లు రెండు వదిలేశాడు. అన్నం కలిపి చేతికిస్తే రెండు ముద్దలు తిని పళ్లెం పక్కన పెడతాడు. ఇండియా వార్తలు పెట్టుకుని కట్టెలు పేర్చిన శ్మశానాలు చూస్తూ కూర్చుంటాడు. ఆపెయ్యమంటే, "గుంటర్‌తో పాటే పోవాల్సిందే నేను, నీకీ చాకిరీ తప్పేది" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. పగలగొట్టలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

నువ్వే గెలిచావు. ఇంజను తీసుకురా.

కానీ ఒక షరతు. మీవాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది కదా, కొత్తగా తోలేవాళ్లకి యాక్సిలరేటర్ పెడల్ కింద చెక్కముక్క బిగిస్తారు, సగం వరకే తొక్కగలిగేట్టు. క్లోట్స్ అంటారే, అదే. మీ బావ మొదటి ఏడాది ముగిశాక అందరూ చప్పట్లు కొట్టి దాన్ని ఊడదీసి, సాసేజీలు కాల్చే పొయ్యిలో వేశారు. నేను ఫోటో కూడా తీశాను. అది మళ్లీ పెట్టు. ఆయనకి చెప్పకుండా పెట్టు. పెడల్ ఎంత దిగిందో ఆయన కాలికి తెలీదు. తెలియకపోవడం ఒక్కందుకైనా పనికిరానీ.

సగం వేగంతో వెళ్తాడు, ఓడిపోతాడు, ఇంటికొస్తాడు. నాకు అది చాలు.

రత్న


హైడెల్‌బర్గ్,
జూన్ 2021

అక్కా,

నువ్వు అడిగింది ఎలాంటిదో నీకు తెలుసా? పాతకాపుకి క్లోట్స్ పెట్టడమంటే వాళ్లల్లో మొహాన ఉమ్మేసినట్టు. బావకి తెలిస్తే నన్ను జన్మలో షెడ్డు గడప తొక్కనివ్వడు. నేను ఒప్పుకోకూడదు.

ఒప్పుకుంటున్నాను. నాకూ ఇంకో దారి కనబడట్లేదు. మూడు రాత్రులు ఆలోచించినా దొరకలేదు.

బీచ్ చెక్క ఒకటి చూసి పెట్టాను, నలుపు రంగు వేస్తా. నేల మీద రబ్బరు మ్యాట్ కింద నుంచి బిగిస్తే కంటికి ఆనదు. వచ్చేవారం వ్యాన్ తీసుకుని వస్తున్నాను. నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు నటించు. నీకు నటన రాదు, కాస్త ప్రాక్టీస్ చెయ్యి.

సందీప్


ష్వైన్‌ఫర్ట్,
ఆగస్టు 2021

సందీపూ,

నువ్వు వెళ్లినప్పటి నుంచి ఇంట్లో పండగలా ఉంది. గడ్డం గీశాడు. ఫిజియోకి తనే ఫోన్ చేసి టెర్మిన్ తీసుకున్నాడు. నువ్వు తెచ్చిన గోంగూర డబ్బా నాలుగు రోజులకే ఖాళీ చేశాడు. నేను కోప్పడితే "తిండి తినకపోతే ఏడుస్తావు, తింటే ఏడుస్తావు, ఏం ఆడదానివే" అంటున్నాడు. ఆ మాట విని ఎన్నాళ్లైందో.

ఆదివారం షెడ్డు ముందు తోలి చూశాడట. మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఇంజను గొంతు విప్పట్లేదే. ఇంకా తొక్కుతున్నా, ఇంకా తొక్కుతున్నా, పైకి రావట్లేదు" అన్నాడు. నువ్వు కార్బురేటర్ అన్నావట కదా. బాగా చెప్పావు. నమ్మాడు. కానీ తప్పు ఇంజనుదో తన కాలిదో తెలియట్లేదంటున్నాడు. అందుకని కెల్లర్‌లో కాలికి ఇసుక సంచి కట్టుకుని ఇంకా గట్టిగా తొక్కడం సాధన చేస్తున్నాడు. ఒక్కోసారి చెప్పేద్దామా అనిపిస్తుంది. చెప్పేస్తే ఆ చెక్క ఆ నిమిషమే ఊడుతుంది. అందుకే నోరు మూసుకున్నాను.

ఇంకో విషయం. గుంటర్ భార్య ఆయన తోలు బూట్లు తెచ్చిచ్చింది, పందెంలో వేసుకోమని. ఈయనకి ఒక సైజు పెద్దవి. వదులుగా ఉన్నాయి, లోపల రెండు సాక్సులు తొడుక్కో అన్నాను. "నాకు వదులో బిగువో ఏం తెలుస్తుందే" అని నవ్వాడు. తన కాళ్ల మీద తను జోకు వేసుకోవడం అదే మొదటిసారి. నేనూ నవ్వేశాను.

పందెం రోజు నేనూ ఈషా వస్తాం. కరోనా టెస్ట్ కాగితాలు సిద్ధం చేశాను. నువ్వు ముందురోజే వచ్చి ఆ చెక్క గట్టిగా ఉందో లేదో చూడు.

రత్న


హైడెల్‌బర్గ్,
అక్టోబర్ 2021

అక్కా,

ఫోన్ చేతిలోకి తీసుకుంటాను, నీ నంబర్ చూస్తాను, పక్కన పెట్టేస్తాను. అందుకే రాస్తున్నా. శ్మశానంలో కూడా నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. మాస్కు ఉండటం మంచిదైంది.

ఏం జరిగిందో నీకు తెలియాలి. నువ్వు కంచె దగ్గర దూరంగా ఉన్నావు. కారు దగ్గరికి మొదట పరుగెత్తింది నేనే, నేను చూశాను. బ్రేకులు పట్టలేదు అక్కా. ఆ కాలం డ్రమ్ము బ్రేకులవి, వేడెక్కితే జారిపోతాయి. గీత దాటాక బావ తొక్కాడు, అవి పట్టలేదు, అంతే. స్విచ్ ఆపడానికి చెయ్యి చాపినట్టున్నాడు, అప్పటికే మట్టికట్ట వచ్చేసింది. బాధ పడి ఉండడు. డాక్టర్ కూడా అదే అన్నాడు.

ఇంకో మాట. ఆ చెక్కముక్కకీ దీనికీ ఏ సంబంధం లేదు. నీ మనసులో అది ఉంటుందని నాకు తెలుసు, అందుకే చెప్తున్నా. ముందురోజు సాయంత్రం నేనే దాన్ని ఊడదీసేశాను. బావ మొహం చూసి జాలేసి తీసేశాను. నీకు చెప్పలేదు, తిడతావని. కాబట్టి అది అసలు కారులో లేదు. ఎవరైనా ఏదైనా అన్నా పట్టించుకోకు.

అన్నం తింటున్నావా? ఈషా స్కూలుకి వెళ్తోందా?

సందీప్


ష్వైన్‌ఫర్ట్,
నవంబర్ 2021

సందీపూ,

నాకు నటన రాదన్నావు. నీకు అబద్ధం రాదు.

పోలీసులు పోయినవారం పిలిచారు. సామాన్లు తీసుకెళ్లమన్నారు. ఒక చిన్నవయసు పోలీసమ్మాయి కూర్చుని ఉంది, మర్యాదస్తురాలు, మంచినీళ్లిచ్చింది. కారు పరీక్ష చేయించారట. బ్రేకులు శుభ్రంగా ఉన్నాయంది. తర్వాత, "మీవారు కొత్తగా నేర్చుకుంటున్నారా? పెడల్ కింద క్లోట్స్ ఉంది" అని అడిగింది.

నేను మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాను. ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. బాగా గట్టిగా తొక్కడంతో వదులు బూటు పెడల్ మీద పక్కకి జారి, దాని అంచు చెక్క పక్క సందులో ఇరుక్కుందట. బూటు నొక్కుడికి పెడల్ కిందకే ఉండిపోయింది. మామూలు మనిషికైతే కాలు ఇరుక్కుందని వెంటనే తెలుస్తుంది, లాక్కుంటాడు. ఈయన తీశాననుకుని ఉంటాడు. బ్రేకు మీద ఉందనుకుని ఇంకా తొక్కి ఉంటాడు. అలా చెప్పి, బూటు ఒక సంచిలో పెట్టి ఇచ్చింది. కుడికాలిది. పక్కన తోలు లోపలికి నొక్కుకుపోయి, నల్లరంగు అంటుకుని ఉంది. నీ చెక్కకి వేసిన రంగే.

ఎవరు పెట్టారని అడిగింది. నా మొగుడే పెట్టుకున్నాడని చెప్పాను. కాళ్లు బాగోలేవు కదా, భయపడి తనే బిగించుకున్నాడు అన్నాను. రాసుకుంది. సంతకం పెట్టాను. ఆ సంగతి క్లబ్బు దాకా వెళ్లింది. గుంటర్ భార్య ఫోన్ చేసి, పాపం విక్రాంత్, భయపడ్డా సరే మా ఆయన కోసం తోలాడు అని ఏడ్చింది. అవును, భయపడ్డాడు అన్నాను. పాతకాపు క్లోట్స్ పెట్టుకుని పందెంలో దిగాడని ఇప్పుడు అందరూ అనుకుంటారు. బతికుంటే ఆ మాటకే చచ్చిపోయేవాడు. భయమంటే ఏమిటో తెలియని మనిషిని పిరికివాణ్ని చేసి పంపాను.

నీ కోసం చెప్పాననుకోకు. నా కోసం కూడా కాదు. ఈషాకి ఒక్క మామే ఉన్నాడు, ఆయన మీద కేసు పడితే అది ఎవరి దగ్గరికి పోతుంది? అంతే.

నువ్వు ఊడదీశానని రాశావు చూడు, దానికి మాత్రం నిన్ను క్షమించను. మిగతాదానికి క్షమించడానికి నేనెవర్ని? అడిగింది నేను, పెట్టింది నువ్వు. నీ వాటా నేను మోయలేను, నా వాటా నువ్వు మోయలేవు. ఇంకెప్పుడూ నాకు దాన్ని తగ్గించి చెప్పకు. ఒరేయ్, నాకు ఆయన కావాలిరా. ఓడిపోయి, మొహం మాడ్చుకుని, ఇంజనుని తిట్టుకుంటూ ఇంటికొచ్చే మనిషి కావాలి. అంతకన్నా నేనేం అడిగాను?

బూడిద ఇంట్లో పెట్టుకోనివ్వరు ఇక్కడ. ఇండియా తీసుకెళ్తామని కాగితం పెట్టాను. కృష్ణలో కలపాలి. నువ్వు రావాలి, సెలవు పెట్టు.

నిన్న ఈషా సోఫా దగ్గర కూర్చుని తన పాదం తనే గిల్లుకుంటోంది. ఏంటే అది అంటే, "ఇష్ ష్ప్యూర్ ఎస్, అమ్మా" అంది. నాకు తెలుస్తోందమ్మా అని. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

ఇంక ఉత్తరాలు రాయకు. కీటాకి అసలే రాయకు, వాళ్లు ఆ కవర్లు చూసి జాలిపడుతున్నారు. ఫోన్ చెయ్యి. ఏ వేళప్పుడైనా చెయ్యి, ఎంత గట్టిగానైనా మాట్లాడుకోవచ్చు. హాల్లోంచి ఎవరూ అని అడిగేవాళ్లు లేరు.

రత్న